గాథ కంటే ముందు గీత

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఆస్ట్రియా చిత్రకారుడు ఆస్కర్ కొకోష్కా మీద నువ్వు రాసిన వ్యాసం అంది పది రోజులు దాటింది. కంటికి శుక్లం తీయించుకున్నాక అక్షరం నిలకడగా ఆనడానికి కొంత వ్యవధి పట్టింది కనుక జవాబు ఆలస్యమైంది, మరోలా అనుకోకు. వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి నన్ను ఆగనివ్వలేదు; ఆ పట్టు నీ వాక్యంలో ఉంది. రెండోసారి పెన్సిలు చేతబట్టుకొని, చిత్రాన్ని నువ్వు నీ కళ్లతో చూసి రాసిన వాక్యాల కింద గీత గీస్తూ వెళ్లాను. పద్నాలుగు పుటల్లో అలాంటివి పదకొండు తేలాయి. మిగిలినవన్నీ ఆ మనిషి గురించి ఎవరో చెప్పగా విని రాసినవే. ఈ ఉత్తరం ఆ లెక్క గురించే.

నీ వ్యాసం బొమ్మతో మొదలవుతుంది. తాను ప్రేమించిన ఆల్మా మాలర్ దూరమయ్యాక, 1918లో కొకోష్కా మ్యూనిక్‌లో బొమ్మలు చేసే హెర్మీనె మోస్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ఆల్మా పోలికలతో నిలువెత్తు బొమ్మ చేయించుకోవడం, మరుసటి ఏడాది అది చేతికి వచ్చాక దాని ఒంటి మీది బొచ్చు చూసి ఉసూరుమనడం, చివరికి ఒక రాత్రి విందు ముగిసేసరికి ఆ బొమ్మ ధ్వంసం కావడం, ఇంతకంటే రుచికరమైన ఎత్తుగడ ఎవరికి దొరుకుతుంది అనుకున్నావు కదా. అందరికీ దొరుకుతుందమ్మా, చిక్కు అక్కడే ఉంది. కొకోష్కా పేరు వెతికిన ప్రతివారికీ ముందుగా ఎదురొచ్చేది ఆ బొమ్మే. పైగా దానితో మొదలుపెట్టిన వ్యాసానికి తర్వాత ఎక్కడికి వెళ్లాలో తెలియదు. మిగతా 60 ఏళ్ల జీవితం ఆ గది బయటే నిలబడిపోతుంది. నీ వ్యాసంలో జరిగింది సరిగ్గా అదే.

కథను తీసేయమనడం లేదు. దాన్ని లోపలికి జరుపు. దాని పక్కన 1919లో ఆయన వేసిన ‘నీలి దుస్తుల స్త్రీ’ని నిలబెట్టు. ఇప్పుడది ష్టుట్‌గార్ట్ మ్యూజియంలో ఉంది. ఆ చిత్రానికి నమూనా ఆ బొమ్మే. ఆ శరీరం వాలిన తీరు చూడు, బరువు తెలియని చేయి చూడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇదే మనిషి రంగును పలచగా పూసి గీరేవాడు. జర్మనీలోని డ్రెస్డెన్‌కు వచ్చాక రంగును ముద్దలుగా, పక్కపక్కన పలకలు పేర్చినట్లు పరుస్తున్నాడు. చేతిలో పద్ధతి మారిపోయింది. అది నువ్వు కళ్లతో పట్టుకొని చెప్పగలిగితే, బొమ్మను చేయించుకున్న పిచ్చివాడిగా మాత్రమే ఆయనను ఎరిగిన పాఠకుడు, ఆ బొమ్మ ముందు కూర్చొని పని చేసిన చిత్రకారుణ్ణి కూడా చూస్తాడు.

మరో రెండు మాటలు చెప్పాలి. హెర్మీనె మోస్ పేరు నీ వ్యాసంలో ఒకే ఒక్కసారి, ‘బొమ్మలు చేసే ఒకామె’ అన్న అర్థంలో వచ్చి పోయింది. ప్రాణమున్న మనిషి చర్మంలా ఉండాలి, చేతికి అలాగే తగలాలి అంటూ వచ్చిపడే ఉత్తరాలను చదువుకుంటూ గుడ్డతో, దూదితో నెలల తరబడి కుస్తీ పట్టిన పనిమంతురాలు ఆమె. ఒక ఆడపిల్ల రాసిన వ్యాసంలోనైనా ఆమె వైపు నుంచి ఆ గదిని ఒకసారి చూస్తారని ఆశపడ్డాను. ఇక ఆల్మాను నువ్వు ‘ప్రేరణ’ అన్నావు, మూడుసార్లు. ఆమె స్వయంగా పాటలకు బాణీలు కట్టిన సంగీతకర్త. పెళ్లికి ముందు, కాబోయే భర్త, సంగీతకర్త గుస్తావ్ మాలర్ ఆ పని మానుకోమన్నాడు, 1910లో ఆమె పాటలు అచ్చయ్యాయి. ఇది తెలిసిన పాఠకురాలికి ‘ప్రేరణ’ అన్న మాట ఎలా వినబడుతుందో ఊహించుకో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. శీర్షికలో ‘చిత్రకారుడు, ప్రింట్‌మేకర్’ అని రాశావు. లోపల ప్రింట్ల గురించి రెండు వాక్యాలున్నాయి. నాకు ఈ మనిషి మీద గురి కుదిరిందే ఆయన లితోగ్రాఫుల వల్ల. తెలుగు పాఠకుడికి లితోగ్రాఫ్ అంటే ఏమిటో చెప్పడానికి నీకు దూరం పోవలసిన పని లేదు. 1894లో రవివర్మ బొంబాయిలో పెట్టిన ప్రెస్సు నుంచి వచ్చి మన ఇళ్ల గోడలెక్కిన లక్ష్మీ సరస్వతుల పటాలు రాతి అచ్చులే. సున్నపురాతి పలక మీద జిడ్డు సుద్దతో గీస్తారు, రాతిని తడుపుతారు, గీత ఉన్నచోట జిడ్డు నీటిని నెట్టివేస్తుంది, మిగతా రాయి నీటిని పట్టి ఉంచుతుంది. అప్పుడు సిరా రోలరును దొర్లిస్తే సిరా గీతకే అంటుతుంది. చెక్కడం లేదు, తొలచడం లేదు. చేయి ఎంత వణికిందో, ఎక్కడ గట్టిగా నొక్కిందో, ఎక్కడ విసుగుతో విసిరిందో అంతా కాగితం మీదికి వచ్చేస్తుంది. రాతి మీద గీస్తే అచ్చులో ఎడమ కుడి అవుతుంది కనుక, కొకోష్కా చాలాసార్లు ప్రత్యేకమైన కాగితం మీద గీసి, దాన్ని రాతి మీదికి దింపించేవాడు. (ఈ పద్ధతిని 1790ల చివర కనిపెట్టిన జెనెఫెల్డర్ ఒక నాటక రచయిత. తన నాటకాలను చవకగా అచ్చు వేసుకునే దారి వెతుకుతూ రాతి దగ్గరికి చేరాడు. అచ్చు ఖర్చుల గురించి నువ్వు నాతో మొరపెట్టుకున్నప్పుడల్లా ఈయనే గుర్తొస్తాడు.)

కొకోష్కా కూడా రాతతో, గీతతో కలిపే మొదలయ్యాడు. వియన్నాలో చేతిపనుల కళలు నేర్పే పాఠశాలలో చదువుతూ, వీనర్ వెర్క్‌ష్టెట్టె అనే చేతిపనుల సంస్థకు పోస్టుకార్డులూ విసనకర్రలూ గీసిపెట్టే ఇరవై దాటిన కుర్రవాణ్ణి పిల్లల కథల పుస్తకం చేయమన్నారు. అతను ‘కలలు కనే కుర్రాళ్లు’ అనే పుస్తకం చేసి ఇచ్చాడు, అది 1908లో వచ్చింది. ఎనిమిది రంగుల లితోగ్రాఫులు, వాటి వెంట సన్నగా సాగే తన కవిత. ఆ కవిత ఒక ఎర్ర చేపను మూడంచుల కత్తితో పొడుస్తానన్న బెదిరింపుతో మొదలవుతుంది! పిల్లల చేతికి ఇవ్వదగిన పుస్తకం కాదని వేరే చెప్పనక్కరలేదు. తోటి విద్యార్థిని లిలిత్ లాంగ్ మీది ప్రేమ, ఎదుగుతున్న ఒంటి పట్ల బెరుకు అందులో నిండి ఉన్నాయి. దాన్ని వియన్నా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్‌కు అంకితమిచ్చాడు. 500 ప్రతులు వేస్తే సగానికి పైగా మిగిలిపోయాయి, వాటిని 1917లో మరో ప్రచురణకర్త తీసుకొని మళ్లీ అమ్మకానికి పెట్టాడు. నీ వ్యాసం ఇక్కడ మొదలైతే ఎలా ఉంటుందో ఆలోచించు. రాయడమూ గీయడమూ వేరు కాని ఒక కుర్రవాడు నీ పాఠకుడికి తొలి పుటలోనే దొరుకుతాడు.

తర్వాత, 1914. ఆల్మాతో బంధం తెగుతున్న రోజులు. జర్మన్ సంగీతకర్త బాఖ్ స్వరపరచిన ఒక కంటాటా, అంటే వాద్యాలతో పాడే గానరచన, ఉంది. అందులో భయమూ ఆశా రెండు గొంతులుగా మారి మాట్లాడుకుంటాయి. ‘ఓ శాశ్వతమా, ఉరుమువంటి మాటా’ అని దాని తొలి పలుకు. కొకోష్కా ఆ సంభాషణను 11 లితోగ్రాఫులుగా గీశాడు; బెర్లిన్‌లో ఫ్రిట్స్ గుర్లిట్ 1916లో వాటిని ప్రచురించాడు. తుపానులో బాటసారి, పురుషుణ్ణి చేయిపట్టి నడిపించుకుపోయే స్త్రీ, మృత్యువు దారిలో ఇద్దరూ. ఒక పుటలో పురుషుడు సమాధిలోంచి తల పైకెత్తుతున్నాడు, ఆ సమాధి మీద స్త్రీ కూర్చొని ఉంది. ఆ స్త్రీ ఎవరో, ఆ పురుషుడు ఎవరో ఎవరూ చెప్పనక్కరలేదు. నాకు ఆ పుటలో ఎక్కువ పనికొచ్చేది పోలిక కాదు, సుద్ద. మనిషి ఒళ్లూ, తవ్విన మన్నూ ఒకే రకమైన గీతలతో గీశాడు. ఏది చర్మమో ఏది మట్టో విడదీయడానికి కంటికి క్షణం పడుతుంది. ‘వియోగ దుఃఖంతో తల్లడిల్లిన హృదయం’ అని నువ్వు రాసిన వాక్యం నాలుగు పుటల్లో చేయలేని పని, ‘చర్మాన్నీ మట్టినీ ఒకే సుద్దతో గీశాడు’ అనే వాక్యం చేస్తుంది.

ఆ కంటాటా చివర వచ్చే కోరల్‌కు, అంటే బృందంగా పాడే భక్తిగీతానికి, ‘ఇక చాలు’ అని పేరు. కొకోష్కా చివరి పుటా ఆ మాటతోనే ముగుస్తుంది. 1935లో సంగీతకర్త ఆల్బన్ బెర్గ్ తన వయొలిన్ కన్‌చెర్టోలో, అంటే వాద్యబృందంతో కలిసి వయొలిన్ వాయించే రచనలో, అదే కోరల్‌ను వాడుకున్నాడు. ఆ కన్‌చెర్టోను అతను అంకితమిచ్చినది 18 ఏళ్లకే పోయిన మానోన్ గ్రోపియస్ స్మృతికి. మానోన్ ఆల్మా కూతురే. దీని నుంచి ఏ సిద్ధాంతమూ లాగవద్దు. ఉన్నదున్నట్లు చెప్పి ఊరుకో, చదివేవారి చెవిలో అదే మోగుతుంది.

ఆయన ఆల్మాతో కలిపి తన్ను చిత్రించుకున్న ‘విండ్స్‌బ్రౌట్’ పేరును నువ్వు ‘గాలి వధువు’ అని తెలిగించావు. జర్మన్‌లో ఆ మాటకు సుడిగాలి అని వాడుక. విడదీస్తేనే గాలి, పెళ్లికూతురు అని వస్తాయి. ఆ రెండు అర్థాలూ ఒకే మాటలో ఉన్నాయని ఒక వాక్యంలో చెప్పి, తర్వాత నీకు నచ్చిన పేరు వాడుకో. అంతకంటే ముఖ్యం, చిత్రం ఎంత పెద్దదో రాయి. నిలువు 181 సెంటీమీటర్లు, అడ్డం 220. ఎదురుగా నిలబడితే మంచమంత వెడల్పున్న చిత్రం అది. నువ్వు దాన్ని ఫోనులో అరచేతి వెడల్పున చూశావు, అందుకే ‘సుకుమారమైన’ అన్న విశేషణం పడింది. చిత్రంలో స్త్రీ నిద్రపోతోంది, పురుషుడు కళ్లు తెరిచే ఉన్నాడు. అతని వేళ్లు ఒకదానిలో ఒకటి మెలిపడి ముడి వేసుకున్నాయి. పక్కన మనిషి నిశ్చింతగా పడుకొని ఉంటే వేళ్లు ఎందుకు అలా బిగుసుకున్నాయి? అక్కడ ఆగు, ఆ ప్రశ్న దగ్గర ఒక పేరా రాయి. తర్వాత కావాలంటే చెప్పు: 1915లో యుద్ధంలో, తూర్పు రంగంలో ఆ మనిషికి తలలో తుపాకి గుండు దిగిందని, బాయొనెట్ (తుపాకి కొన కత్తి) ఊపిరితిత్తిని చీల్చిందని, అదే ఏడు ఆల్మా వాస్తుశిల్పి వాల్టర్ గ్రోపియస్‌ను పెళ్లాడిందని. చిత్రం హాంబుర్గ్ మ్యూజియంలో ఉండగా నాజీలు లాక్కున్నారు. 1939లో బాసెల్ మ్యూజియం జర్మనీ నుంచి కొని కాపాడిన 21 కృతుల్లో అదొకటి.

ఫోనులో చూశావని నిన్ను దెప్పడానికి నాకు హక్కు లేదులే. నా తొలినాళ్లలో ఒక చిత్రకారుడి మీద వ్యాసం రాస్తూ, ‘ఆ ఎరుపులో కాలే కోపం’ అని ఒక పేరా అంతా ఊగిపోయాను. నేను చూసింది నలుపు తెలుపుల్లో అచ్చయిన బొమ్మను. తర్వాత ఎన్నో ఏళ్లకు రంగుల అచ్చు చేతికొచ్చింది. నేను ఎరుపు అనుకున్నది ముదురు ఆకుపచ్చ. వ్యాసం అచ్చయి అప్పటికి పాతబడిపోయింది, ఎవరూ గమనించినట్లు లేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు చిమచిమలాడుతుంది.

పోర్ట్రెయిట్ల గురించి నువ్వు రాసిన భాగం బాగుంది, ముఖ్యంగా ఫొరెల్ గురించి. నా పదకొండు గీతల్లో ఐదు అక్కడే పడ్డాయి. వాస్తుశిల్పి అడోల్ఫ్ లోస్ ఈ కుర్రవాణ్ణి వెంటేసుకొని, తనకు తెలిసిన పెద్దవాళ్ల ముందు కూర్చోబెట్టి బొమ్మలు వేయించడం. 1910లో స్విట్జర్లాండ్‌లో ఆగస్ట్ ఫొరెల్ అనే మనోవైద్యుడు, చీమల మీద జీవితకాలం పరిశోధించిన శాస్త్రవేత్త, అలా ముందు కూర్చున్నవారిలో ఒకరు కావడం. వచ్చిన బొమ్మను ఆ కుటుంబం వద్దనడం. ఇవన్నీ తూకంగా చెప్పావు. ఫొరెల్ చేతులను చూసి నువ్వు రాసిన ‘పట్టుకోవలసిన వస్తువు జారిపోయాక కూడా వంగిన వంపులోనే ఉండిపోయిన వేళ్లు’ అన్న మాట నాకు కుళ్లు పుట్టించింది. అయితే వెంటనే, తర్వాత ఫొరెల్‌కు పక్షవాతం వచ్చిందనీ చిత్రకారుడు దాన్ని ముందే చూశాడనీ రాసి ఆ వాక్యాన్ని నువ్వే చంపేశావు. చిత్రకారుడు జోస్యుడైపోతే అతను చూసిన చేతులు ఎవరికి కావాలి? ఆ జోస్యం కథ తీసేయి. కుంచె వెనక కొనతోనూ గోరుతోనూ తడి రంగును గీరే పద్ధతి గురించి రెండు వాక్యాలు ఆ జాగాలో పెట్టు.

ఇదే చోట ఇంకొక హెచ్చరిక. కొకోష్కా తన గురించి తాను చెప్పుకున్నదంతా నిజమని నమ్మి రాయకు. 1971లో వచ్చిన ఆత్మకథ చదవడానికి హాయిగా ఉంటుంది, సాక్ష్యంగా నిలవదు. తొలి చిత్రాల్లో కొన్నింటికి అసలు కంటే ముందటి తేదీలు చెప్పుకున్నాడు. 1909లో వియన్నా ప్రదర్శన తోటలో ఆడిన ఆయన నాటకం ‘హంతకుడు, స్త్రీల ఆశ’ గురించి ఆయన చెప్పే గలాటా, ఆ రోజుల పత్రికల్లో కనబడే దానికంటే చాలా పెద్దది. గుండు గీయించుకొని ఊళ్లో తిరిగిన మాట మాత్రం నిజం. ఇక హిట్లర్‌కు దక్కని సీటు కొకోష్కాకు దక్కిందన్న కథ, నువ్వు ఆశ్చర్యార్థకంతో సహా రాసినది, కొట్టేయవలసిందే. హిట్లర్‌ను 1907లోనూ 1908లోనూ చేర్చుకోనిది లలితకళల అకాడమీ. కొకోష్కా చదివింది వేరే పాఠశాలలో, చేరింది అంతకు ముందే.

అలాగని మచ్చలను దాచమనడం లేదు. 1920 మార్చిలో డ్రెస్డెన్ వీధుల్లో సైనికులకూ కార్మికులకూ మధ్య కాల్పులు జరిగాయి, యాభై మందికి పైగా చచ్చిపోయారు. ఒక గుండు చిత్రశాలలోకి దూసుకువచ్చి పాతకాలపు మహాచిత్రకారుడు రూబెన్స్ చిత్రానికి తగిలింది. అప్పటికి అక్కడి అకాడమీలో ప్రొఫెసరుగా ఉన్న కొకోష్కా, మీ పోరాటాలు కళాఖండాలకు దూరంగా ఎక్కడైనా చేసుకోండని పత్రికల్లో విజ్ఞప్తి చేశాడు. వామపక్ష కళాకారులు జార్జ్ గ్రోస్, జాన్ హార్ట్‌ఫీల్డ్ ఆయన మీద నిప్పులు చెరిగారు, నా మట్టుకు వాళ్ల కోపం న్యాయమే అనిపిస్తుంది. ఈ ఘట్టం నీ వ్యాసంలో లేదు. తెలియక వదిలేశావో, నీ నాయకుడికి మచ్చ తగులుతుందని వదిలేశావో నాకు తెలియదు. అది ఉంటేనే, 25 ఏళ్ల తర్వాత అదే మనిషి చేసిన పని పాఠకుడికి సరిగ్గా అందుతుంది.

ఆ పనేమిటో చెప్పేముందు మధ్య కాలాన్ని వేగంగా దాటేస్తాను, నువ్వూ దాటేయవచ్చు. నగరాల మీద నగరాలు చిత్రిస్తూ యూరప్, ఉత్తర ఆఫ్రికా తిరిగాడు. 1934లో ప్రాగ్ చేరాడు. తండ్రి వంశం ప్రాగ్ కంసాలులదే. అక్కడే తర్వాత తన భార్య అయిన ఓల్డాను కలుసుకున్నాడు, చెకోస్లొవేకియా అధ్యక్షుడు మసరిక్ పోర్ట్రెయిట్ వేశాడు. 1937లో నాజీలు జర్మన్ మ్యూజియంల నుంచి ఆయనవి 417 కృతులు లాక్కొని, కొన్నింటిని మ్యూనిక్‌లో ‘పతనమైన కళ’ పేరుతో వెక్కిరింపు ప్రదర్శనలో పెట్టారు. ఆయన చేతులు కట్టుకొని నిలబడిన తన బొమ్మ వేసుకొని దానికి ‘పతనమైన కళాకారుడిగా స్వీయచిత్రం’ అని పేరు పెట్టాడు. 1938లో లండన్‌కు పారిపోయాడు.

లండన్ సంవత్సరాలను నువ్వు ఒక వాక్యంలో ముగించావు. అక్కడ ఆగవలసింది. కార్న్‌వాల్ తీరంలోని పొల్‌పెరోలో వేసిన ‘పీత’ చూడు: ముందర కొండంత పీత, వెనక నీళ్లలో ఈదుతూ ఒడ్డు చేరాలని చూస్తున్న చిన్న మనిషి. ఆ పీత బ్రిటిష్ ప్రధాని చేంబర్లేన్ అని, డెక్క ఒక్కటి చాస్తే ఈదేవాడు బతుకుతాడని ఆయనే చెప్పాడు. ఆ తర్వాత 1945 చలికాలం. యుద్ధం ముగిసింది, యూరప్‌లో పిల్లలు ఆకలికీ చలికీ చనిపోతున్నారు. కొకోష్కా ఒక లితోగ్రాఫ్ గీసి, సొంత డబ్బుతో 5,000 పోస్టర్లు అచ్చు వేయించి లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో అంటింపించాడు. శిలువ మీది క్రీస్తు ఒక చేయి విడిపించుకొని కిందికి వంగి, ఆకలితో ఉన్న పిల్లలకు ఆ చేయి అందిస్తున్నాడు. ఈ క్రిస్మస్‌కు చలితో ఆకలితో చనిపోబోయే యూరప్ పిల్లల స్మృతికి, అని దాని మీద రాసి ఉంది. 1914లో సమాధిలోంచి పైకెత్తిన తలను గీసిన సుద్దే ఇది. నాకైతే ఈ పోస్టరును ఆ పుట పక్కన పెట్టి చూడకుండా కొకోష్కా అర్థం కాడు. డ్రెస్డెన్‌లో చిత్రానికి తగిలిన గుండు గురించి బాధపడిన మనిషి, ఇక్కడ చిత్రాన్ని రైలుకోసం పరిగెత్తే జనం మధ్యకు పంపాడు.

వియన్నాకే చెందిన చిత్రకారుణ్ణి తెచ్చి ‘ఎగోన్ షీలె, కొకోష్కా కవలలు’ అన్న నీ పోలికను కొంచెం తగ్గించు. షీలె 1918లో, 28 ఏళ్లకు ఫ్లూతో పోయాడు. కొకోష్కా 1980 ఫిబ్రవరి 22న, 94 నిండటానికి వారం ముందు, స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో పోయాడు. ఆ పోలిక వల్లనే నీ చూపు 1918 దగ్గర ఆగిపోయిందేమోనని నా అనుమానం. 1953 నుంచి పదేళ్ల పాటు సాల్జ్‌బర్గ్ కోటలో ఆయన నడిపిన వేసవి బడికి ‘చూపు నేర్పే బడి’ అని పేరు. అక్కడ మోడల్ కదులుతూ ఉంటే విద్యార్థులు నీటి రంగులతో గబగబా పట్టుకోవాలి. షేక్‌స్పియర్ లియర్ రాజు కథకు, గ్రీకు కావ్యం ఒడిస్సీకి, బైబిల్లోని సౌలు దావీదుల కథకు లితోగ్రాఫుల వరసలు గీసింది ఎనభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న వయసులో. చేయి సన్నబడిందని, గీత చెదిరిందని కొందరు అంటారు. చెదిరిన మాట వాస్తవమే, నాకూ అన్నీ నచ్చవు. ఏవి నచ్చాయో, ఏవి నచ్చలేదో నువ్వు నీ పేరు మీద రాయి; ‘విమర్శకులు అంటారు’ అని రాయకు.

‘ఎక్స్‌ప్రెషనిజం’ కోసం మాట వెతుక్కుంటూ ‘భావవ్యక్తీకరణవాదం’, ‘అభివ్యక్తివాదం’, ‘వ్యక్తీకరణవాదం’ మూడూ వాడావు. ఒకటి ఎంచుకో. నన్నడిగితే ఇంగ్లీషు మాటనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట, కంటికి కనబడినదాన్ని లోపలి అలజడికి తగ్గట్టు వంచి గీయడం అని చెప్పి వదిలేస్తాను.

ఆయన లితోగ్రాఫుల పుస్తకం నా దగ్గర ఒకటుంది, మీ పిన్ని కొడుకు వచ్చే ఆదివారం ఇటు వస్తానన్నాడు కనుక అతని చేత పంపుతాను. పెద్ద సైజు పుస్తకం, కుట్టు వదులైంది. బల్ల మీద పరిచి చూడు, ఒళ్లో పెట్టుకోకు. కంటాటా పుటల దగ్గర నేను పెట్టిన పాత బస్సు టిక్కెట్టు ఉంటుంది, దాన్ని తీయకు. ఒక్కో పుట ముందు అరగంట కూర్చొని, కనబడినది మాత్రం నోట్‌బుక్కులో రాసుకొని, ఆ నోట్‌బుక్కు నాకు పంపు. వ్యాసం సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
నీ మాస్టారు